రంగం జాడీలో తొలి గుప్పెడు

"ఆగు!" అని అరిచాను. అరిచాక నాకే సిగ్గేసింది.

మా అప్ప, అంటే మా అక్క, దాని మనవరాలు చెయ్యి గాలిలో అలాగే నిలిపేసి నా వైపు చూసింది. ముందు పెద్ద పళ్ళెంలో మామిడికాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు. పక్కన జాడీ. అప్ప పోయాక ఆ జాడీ నా దగ్గరే ఉండాలని, పిల్ల దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. తెచ్చాక ఖాళీగా ఎందుకుంచాలంటూ బజారుకెళ్ళి కాయలు కొట్టించుకొచ్చింది. కలపడానికి కూర్చుంటూ, "చిన్నమామ్మా, ఇవాళ నాకు పీరియడ్. నడుం లాగేస్తోంది. బేగి కలిపేసి పడుకుంటాను" అంది. అని, చెయ్యి చాపింది. అంతే, నా నోట్లోంచి ఆ కేక వచ్చేసింది.

నాకు అలాంటి పట్టింపు ఒక్కటీ లేదు. బళ్ళో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఆడపిల్లల తల్లులతో ఈ విషయం మీదే పోట్లాడినదాన్ని. అరిచింది నేను కాదు, మా మామ్మ. ఆవిడ పోయి ఎంతకాలమో అయింది. నా గొంతులో మాత్రం ఇంకా కాపురం చేస్తూనే ఉంది.

"ఏంటి చిన్నమామ్మా, నువ్వు కూడానా?" అంది పిల్ల.

"కూర్చో, చెప్తాను. ముక్కలెక్కడికీ పారిపోవులే" అన్నాను.

అనకాపల్లిలో మా ఇల్లు బెల్లం మార్కెట్టుకి దగ్గర. చలికాలమంతా బళ్ళ మీద బెల్లం దిమ్మలు వస్తూనే ఉండేవి. వీధంతా తీపి వాసన, ఈగలు, ఎడ్ల మెడల్లో గంటలు. మా నాన్న మార్కెట్లో ఒక కొట్లో కాటా దగ్గర పనిచేసేవాడు. ఆయన విప్పిన చొక్కాకి చీమలు పట్టేవంటే నమ్ముతారా? ఎండాకాలం రాగానే ఆ తీపంతా ఎటు పోయేదో, ఇంటింటా రోకలి పోటు, ఆవఘాటు. వీధిలో నడిచేవాళ్ళు కూడా తుమ్ముకుంటూ నడిచేవారు.

ఆవాలు మాడుగుల సంత నుంచి వచ్చేవి. కొండ మీద పండించినవాళ్ళు గంపల్లో పెట్టుకుని సంతకి దిగేవారు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, చిటికెడు తీసి పంటికింద వేసుకునేది. కళ్ళలో నీళ్ళు తిరిగితేనే కొనమనేది.

"కొండావాలు సిన్నవే గానీ, ఎక్కడం మాత్తరం నసాళానికి ఎక్కుతాయే" అనేది.

ఆవాల పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆవిడ దగ్గర ఉండేవి. పురిటిగదిలో పొగ వెయ్యాలంటే ఆవాలు. పిల్లలకి దిష్టి తియ్యాలంటే ఉప్పూ మిరపకాయలూ ఆవాలు. నిప్పులో వేస్తే పేలాయంటే దిష్టి పోయినట్టు. కీళ్ళు పట్టేస్తే ఆవముద్ద. జలుబు చేస్తే ఆవనూనె. దేవుడు ఆవగింజని సృష్టించాక మిగతా మందులన్నీ దండగని ఆవిడ అభిప్రాయం. "ఆవాలకి తెలీందంటూ ఏటుందే? ఎవులి కన్ను మంచిదో, ఎవులి సెయ్యి మంచిదో దానికన్నీ తెలుత్తాయి" అనేది. ఆ మాట నేను పూర్తిగా నమ్మాను. నమ్మే తర్వాత అంత బాధపడ్డాను.

మామ్మ అడ్డచుట్ట కాల్చేది. తెలియనివాళ్ళకి చెప్పాలి, మా వైపు ముసలమ్మలు నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చేవారు. ఒకసారి అప్ప ఆ చుట్టలో ఒక్క ఆవగింజ దూర్చింది. మామ్మ నాలుగు దమ్ములు లాగిందో లేదో నోట్లో టప్ మంది. మామ్మ చుట్ట ఊసేసి, దణ్ణం పెట్టి, "ఓలమ్మో! ఇంటికి పట్టిన దిష్టి పేలిపోనాదే!" అని గట్టిగా అరిచింది. ఆ రోజు వీధిలో అందరికీ చెప్పుకుంది. అప్పా నేనూ గడ్డివాము వెనక్కి పరిగెత్తి, నోట్లో పరికిణీ కుక్కుకుని నవ్వాం.

అప్ప అప్పటికింకా పరికిణీలోనే ఉండేది. బడికి కూడా వచ్చేది. లెక్కల్లో దాన్ని మించినవాళ్ళు క్లాసులో లేరు.

ఇక జాడీ సంగతి. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. మా తాత ఓడెక్కి రంగం వెళ్ళి, అక్కడ బియ్యం మిల్లులో పనిచేసి, ఒకసారి తిరిగొచ్చినప్పుడు ఈ జాడీ తెచ్చాడట. తేనెరంగు, నున్నటి నిగనిగ, మెడ చుట్టూ తాడు కట్టుకోవడానికి నాలుగు చెవులు. నేను పాకే వయసులో దాని వెనక దూరితే ఎవరికీ కనిపించేదాన్ని కాదట. దారిలో తన బట్టల పెట్టె ఎవరో ఎత్తుకుపోయినా తాత జాడీని మాత్రం వదల్లేదట. మళ్ళీ రంగం వెళ్ళాడు, ఈసారి తిరిగి రాలేదు. తాత గుర్తుగా మామ్మకి మిగిలింది ఆ జాడీ ఒక్కటే.

తర్వాత యుద్ధం వచ్చింది. రంగం జపానువాళ్ళ చేతిలో పడింది. అక్కడి మనవాళ్ళు అడవుల్లోంచి నడిచి నడిచి, బక్కచిక్కి ఇళ్ళకి చేరారు. ఓడలు ఆగిపోయాయి, జాడీలు రావడం ఆగిపోయింది. మా బడిలో గోడకి పటం ఉండేది. దాంట్లో రంగూన్ వెతికి పట్టుకుని, ఇంటికొచ్చి, "మామ్మా, తాత వెళ్ళిన ఊరు మనకి బెత్తెడు దూరమే" అని వేళ్ళు చాపి చూపించాను. మామ్మ నా వేళ్ళకేసి చాలాసేపు చూసింది. "బెత్తెడేనేటే? మరెందుకు రాలేడో" అంది.

ఆ జాడీ మీద మామ్మకున్న చట్టాలు అన్నీ ఇన్నీ కావు. చీకటి గదిలో, గడ్డి చుట్ట మీద ఉండాలి. స్నానం చేసి తడిబట్టతోనే దగ్గరకెళ్ళాలి. బయటున్న ఆడది, అంటే నెలలో ఆ రోజుల్లో ఉన్నది, ఆ గది గుమ్మం తొక్కకూడదు, దాని నీడ కూడా పడకూడదు. తొక్కిందా, మూడోరోజుకల్లా ఆవకాయ తెల్లగా బూజు కడుతుంది. అప్పుడు ఆవకాయే కాదు, జాడీ కూడా పోతుంది.

"ఇత్తడయితే సింతపండేసి తోముకుంటాం. మన్ను అలక్కాదే. ఒక్కపాలి మైలపడితే బద్దలుకొట్టి పారీడమే" అనేది.

వెనక వీధిలో ఒకళ్ళింట్లో అలాగే జాడీ తెల్లబడితే, ఇంటావిడ ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి ఒట్టు వేయించి, చివరికి కోడలిని పట్టుకుందట. జాడీని పెంటకుప్ప మీద బద్దలుకొట్టించి, కోడల్ని పుట్టింటికి పంపేసిందట. మామ్మ ఈ కథ ప్రతి వేసవీ ఆవాలు దంచేటప్పుడు చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆ కోడలి తప్పు కొంచెం పెరిగేది.

మా ఇంట్లో ఇంకో ఆచారం ఉండేది. జాడీలో తొలి గుప్పెడు ఇంకా పెద్దమనిషి కాని పిల్ల చేత వేయించాలి. ముట్టు తెలియని చెయ్యి కాబట్టి అంత శుభ్రమైన చెయ్యి ఇంకోటి లేదు. తడిజుట్టుతో, తూర్పుకి తిరిగి, మాట్లాడకుండా వెయ్యాలి. మొదట్లో అది అప్ప పని. అప్ప పెద్దమనిషయ్యాక నాకు వచ్చింది, దాన్ని మామ్మ మళ్ళీ ఆ జాడీ ముట్టనివ్వలేదు.

అప్పకి అయిన రోజు నాకు బాగా గుర్తు. నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేశారు. ఇరుగుపొరుగుకీ, చుట్టాలకీ, బెల్లం మార్కెట్లో నాన్న ఎరిగినవాళ్ళకీ పంచారు. రోట్లో అడుగున మిగిలింది నేను గీక్కుని తిన్నాను. ఆ రోజుతో దాని బడి ఆగిపోయింది. పుస్తకాలు నాకిచ్చేశారు. మా నాన్న చెడ్డవాడేం కాదు. "పెద్దమనిషయ్యేదాకా ఎంతయినా సదువుకోనీ, నాను కాదంటానేటి?" అనేవాడు. అదే ఆయన ఉదారత. ఆ 'దాకా' అనే మాట దగ్గర ఆగిపోయేది ఆడపిల్ల జీవితం.

అప్ప వీధివైపు కిటికీ దగ్గర కూర్చునేది. ఊచల్లోంచి ఎద్దుల కాళ్ళూ, బండి చక్రాలూ, మనుషుల పాదాలూ కనిపించేవి. పాదాలు చూసి ఎవరు వెళ్తున్నారో చెప్పేసేది. నేను సాయంత్రం రాగానే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది.

"ఇయ్యాలేటి సెప్పేరే? లెక్కలేటిచ్చేరు? సూపెట్టు."

నా లెక్కలన్నీ అదే చేసేది. మర్నాడు మాస్టారు మెచ్చుకుంటే ఆ మెచ్చుకోలు తెచ్చి దానికి అప్పచెప్పేదాన్ని. ఒకసారి చీకటి గదివైపు చూపించి, "నన్నూ అలగే జాడీలో పెట్టి మూతికి గుడ్డ కట్టీసేరే" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆ వేసవి మా అమ్మ పురిటిగదిలో ఉంది, తమ్ముడు పుట్టాడు. మామ్మకి భుజం పట్టేసింది. ఆవాలు ఎండబెట్టడం, దంచడం, పల్చటి గుడ్డలో జల్లించడం అన్నీ అప్పా నేనే చేశాం. కలిపే రోజు తెల్లవారగానే నూతి దగ్గర స్నానానికి కూర్చుంటే పరికిణీ మీద మరక కనిపించింది.

అదేమిటో నాకు తెలుసు. కడుపులో నొప్పి కన్నా ముందు బడి గుర్తొచ్చింది. సెలవులయ్యాక పై తరగతి. రైలుగేటు దగ్గర ఆగి సోల్జర్ల రైళ్ళకి చేతులూపడం. గోడమీద పటం. అన్నీ ఒక్కసారిగా పోయినట్టనిపించి, చేద పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నీళ్ళు తోడుతున్న అప్ప చూసింది. చప్పున మామ్మ ఉన్న వైపు చూసి, నన్ను నూతి చప్టా చాటుకి లాగింది.

"మామ్మ సూసిందేటే?"

"లేదు."

"అయితే నోరెత్తకు. ఎవులికీ సెప్పకు. గుడ్డలు నానిత్తాను, ఉతుకుడు నాను సూసుకుంటాను. బడి తెరిసేక ఎల్లిపో. తరవాత సంగతి తరవాత."

"మరి జాడీ? తొలి గుప్పెడు నాదే కదే అప్పా."

అప్పకి ఆ ఆలోచన రాలేదు. చెయ్యి పెడితే ఆవకాయ తెల్లబడుతుంది, తెల్లబడితే మామ్మ అందరికీ ఒట్టు పెడుతుంది. చెయ్యి పెట్టకపోతే ఎందుకు పెట్టవని అడుగుతుంది. ఎటు తిరిగినా గోడే. ఇద్దరం నమ్మినవాళ్ళమే, జాడీ మమ్మల్ని పట్టిస్తుందనే నమ్మాం.

"కడుపునొప్పి మామ్మా" అని చూశాను.

"ఎక్కడే?" అని మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది. ఆ చూపు చూసి భయమేసి, "ఆకలి" అనేశాను.

"గోరు తెగింది మామ్మా, మండుతాది" అని ఇంకోటి చూశాను.

"మండనీ. సెయ్యి మండకుండా ఆవకాయెక్కడవుద్దే? రా బేగి, ఎండెక్కిపోతంది."

వెళ్ళాను. తడిజుట్టు వీపుకి అంటుకుంది. తూర్పుకి తిరిగాను. గుప్పెడు నిండా ముక్కలు తీసుకుని, మోచెయ్యి దాకా జాడీలోకి దించి, అడుగున పెట్టాను. లోపల చల్లగా ఉంది. చెయ్యి పైకి తీస్తుంటే గోరు నిజంగానే తెగి ఉన్నట్టు భగ్గుమంది. ఏడుపొచ్చింది. మామ్మ నా తలమీద చెయ్యి వేసి, "ఘాటుకేనే, ఏడవకు. నీ సెయ్యి సల్లనయిన సెయ్యి" అంది. ఆ మాటకి ఇంకా ఎక్కువ ఏడ్చాను.

జాడీకి మూత పెట్టి, గుడ్డ కట్టి, తలుపు దగ్గరగా వేశారు. ఇక అక్కణ్ణించి నాకు అన్నం సయించలేదు. ఏదో వంకన ఆ గుమ్మం దాకా వెళ్ళి గాలి పీల్చేదాన్ని. పుల్లగా వాసనొస్తోందేమో, కుళ్ళు వాసనొస్తోందేమో. ఒకసారి పీలిస్తే బాగానే ఉండేది, ఇంకోసారి ప్రాణం పోయేది. వెనక వీధి కోడలు కళ్ళముందు కనిపించేది.

నా వాలకం చూసి అప్ప వచ్చి నా పక్కన కూర్చుంది.

"తెల్లబడితే నానే గుమ్మం తొక్కేనని సెప్పీత్తాను."

"నువ్వెందుకే? నిన్ను సంపేత్తాది."

"నాకింకేటి పోతాదే? నాకున్నదొకటే, ఆ కిటికీ. దాన్నయితే పీకీలేరు కదా" అంది. దాని ఒళ్ళో తలపెట్టుకుని పడుకున్నాను.

మూడోరోజు మూత విప్పారు. మామ్మ గుడ్డ ముడి విప్పుతుంటే నేను అప్ప చెయ్యి పట్టుకున్నాను. మూత తీసింది. ఘాటు గుప్పుమని ఇంటి నిండా కమ్మేసింది. పురిటిగదిలో తమ్ముడు తుమ్మాడు. ఊట ఎర్రగా, నిగనిగలాడుతూ పైకి తేలింది. మామ్మ వేలుతో తీసి నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకుంది.

"ఓసి నా తల్లే! ఇలాగ ఏ ఏడాదీ కుదర్లేదే! గుంట సెయ్యి మంచిది" అంది.

బతికిపోయాను, బడికి వెళ్తాను! అప్ప వైపు తిరిగాను, అది కూడా నవ్వుతుందని. అది నవ్వడం లేదు. జాడీకేసి చూస్తోంది, ఎవరో తనకి అబద్ధం చెప్పినట్టు.

"ఏటే అప్పా?"

"దానికి తెలీలేదే" అంది మెల్లిగా. "నీ సెయ్యి పడిందని దానికి తెలీలేదు. మరి ఇన్నాళ్ళూ నన్నెందుకే గుమ్మం తొక్కనీలేదు?"

మా వైపు ఆవకాయని అంతటితో వదలం. ఎండావకాయ చేస్తాం. ఊటలోంచి ముక్కలు తీసి, పెరట్లో తాటాకు చాప మీద ఎండబెట్టి, సాయంత్రం మళ్ళీ జాడీలో ఊటలో వేస్తాం. ఊటంతా ముక్క తాగేసేదాకా రోజూ ఇదే పని. కాకుల్ని తోలడం నా ఉద్యోగం. ముక్కలెండే రోజుల్లోనే అప్పకి వచ్చింది. పెరట్లో పశువుల సాలని ఆనుకుని చిన్న పంచ ఉండేది, ఆ రోజుల్లో అక్కడ చాపేసుకుని కూర్చోవాలి. అన్నం దూరం నుంచి పెట్టేవారు.

ఆ మధ్యాహ్నం ఎండ పేలిపోతోంది. మామ్మ పెరటి అరుగు మీద కునుకు తీస్తోంది. జాడీని కూడా ఎండ తగలడానికి పెరట్లోకి తెచ్చి పెట్టారు. నేను కర్ర పట్టుకుని నీడలో కూర్చున్నాను. అప్ప పంచలోంచి లేచింది. మెల్లిగా కూడా కాదు, మామూలుగా నడుచుకుంటూ వచ్చింది. చాప దగ్గర కూర్చుని ముక్కల్ని ఒక్కొక్కటే తిరగెయ్యడం మొదలుపెట్టింది.

"అప్పా! ఏటి సేత్తన్నావే!"

"ఎండపెడతన్నాను. కనబడ్డంలేదేటి?" అంది. ఒక ముక్క నోట్లో వేసుకుంది. లేచి జాడీ దగ్గరకెళ్ళింది. మోచెయ్యి దాకా లోపల పెట్టింది. కళ్ళు మూసుకుంది. తొలి గుప్పెడు మానేశాక అప్ప ఆ జాడీని ముట్టుకోవడం అదే మొదలు.

మామ్మ లేచి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో మేం చూడలేదు.

"నీ జిమ్మడిపోను! ఏటి పని సేసేవే! కొంపముంచీసేవు కదే!" అని నెత్తి కొట్టుకుంది. "ఏడాది ఆవకాయ పోనాది. మీ తాత జాడీ పోనాది. దీన్నిప్పుడు బద్దలుకొట్టాలి కదే, ఏ సేత్తో కొట్టనే దీన్ని?"

రోకలి అందుకుంది. పట్టేసిన భుజంతో పైకెత్తలేక ఎత్తుతోంది. అప్ప కదల్లేదు. ఎరుపెక్కిన చెయ్యి అలాగే పట్టుకుని నిలబడింది. ఒక్క మాట, నా సంగతి ఒక్క మాట చెప్తే దానికి రుజువు దొరికేది. అది చెప్పలేదు. నాకేసి కూడా చూడలేదు. చూస్తే నేనెక్కడ బయటపడతానో అని భయపడింది.

నేనింక ఉండలేకపోయాను.

"నా సెయ్యి పడితే పాడవలేదు కదా మామ్మా! నాకూ అయింది. కలిపిన రోజే అయింది. నువ్వు రుసి సూసేవు కదా, గుంట సెయ్యి మంచిదన్నావు కదా!"

రోకలి మామ్మ చేతిలోంచి జారి నేల మీద పడింది. కాకి ఒకటి వాలి ముక్క ఎత్తుకుపోయింది. ఎవరం తోల్లేదు.

మామ్మ జాడీ పక్కనే నేలమీద కూలబడింది. నన్ను చూసింది. అప్పని చూసింది. జాడీ మెడమీద చెయ్యి వేసి తాత కట్టిన తాడు ఇంకా ఉందేమోనన్నట్టు ఆ చెవుల్ని తడిమింది. ఊటలో వేలు ముంచి మళ్ళీ నాలిక్కి రాసుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని, పురిటిగది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఎవులూ ఇన్లేదు కదా?"

"లేదు" అన్నాను.

"అయితే ఎవులికీ ఏటీ అవలేదు. గుంట ఎండలో కూసుని ఏదో పేలింది. నాను ఇన్లేదు." లేచి, తన చేత్తోనే ముక్కలన్నీ ఏరి జాడీలో వెయ్యడం మొదలుపెట్టింది. "బడి తెరిసేక ఎల్లు. మీ అయ్య అడిగితే నాను సెప్పుకుంటాను."

అప్ప ఒక అడుగు ముందుకు వేసింది. దాని కళ్ళలో అంత ఆశ అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"మరి నాను, మామ్మా?"

మామ్మ ముక్కలు వేస్తూ వేస్తూ ఆగింది.

"నీకెలాగవుతాదే?" అంది. తిట్టలేదు. అలిసిపోయిన గొంతుతో చెప్పింది. "నీకు ఊరందరికీ సిమ్మిలి పంచీసేం కదే."

అప్ప పంచలోకి వెళ్ళి చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం నేను తీసుకెళ్ళిన అన్నం ముట్టలేదు.

బడి తెరిచిన రోజు నేను పుస్తకాలు పట్టుకుని బయల్దేరితే అది కిటికీ దగ్గరే ఉంది. "గేటు కాడ రైలొత్తే ఆగు, తొందరపడి దాటీకు" అంది. నా పాదాలు కనిపించినంతసేపూ చూసి ఉంటుంది. ఆ తర్వాత నెలనెలా మామ్మ, నాన్నకి వినబడేలా, "గుంటకి జొరం, కదపకండి" అని నన్ను మూల చాపమీద పడుకోబెట్టేది. కొడుకు ముందు జీవితంలో అబద్ధమాడని మనిషి నాకోసం ఆడింది. నేను బడిలో ఆఖరి పెద్ద పరీక్ష ప్యాసయ్యాక ఒకరోజు మామ్మే రోట్లో నువ్వులు పోసింది. చిమ్మిలి తీసుకున్న ఆడవాళ్ళు, "ఇంత ఆలీసంగానేటమ్మా!" అని ముక్కున వేలేసుకున్నారు. మామ్మ, "కొందరికంతేనే తల్లీ" అని చుట్ట వెలిగించుకుంది.

అప్పటికే అప్పకి ఎస్. రాయవరం వైపు చెరకు రైతుల ఇంటికి పెళ్ళయిపోయింది. చిమ్మిలి ఉండ పంపితే తిప్పి పంపింది. బతికినన్నాళ్ళూ అది చిమ్మిలి తినలేదు. "దాని వాసనొత్తే నాకు తలుపు గడియేసిన సప్పుడు వినబడతాదే" అనేది.

మామ్మ మంచాన పడ్డాక, నాన్నని పిలిచి చెప్పిన ఆఖరి మాటల్లో ఒకటి, "జాడీ పెద్దదానికిచ్చీ." ఇల్లు దాటి ఎన్నడూ వెళ్ళని జాడీ బండెక్కి వెళ్ళింది. అప్ప దాన్ని చీకటి గదిలో పెట్టలేదు. వసారాలో, వెలుతురులో, అందరూ తిరిగే చోట పెట్టింది. ఏ రోజు పడితే ఆ రోజు, తనే కాదు, కోడళ్ళూ కూతుళ్ళూ పొలంలోకి వచ్చే ఆడవాళ్ళూ ఎవరు పడితే వాళ్ళు చెయ్యి పెట్టి తీసుకునేవారు.

ముక్కలు ఊరిపోయి పళ్ళెంలో నీరు చేరింది. పిల్ల మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని వింటోంది.

"మరి ఎప్పుడూ పాడవలేదా చిన్నమామ్మా?"

సరిగ్గా ఈ ప్రశ్నే నేనూ అడిగాను, అప్పని చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు. వసారాలో మంచం మీద, జాడీకి ఎదురుగా పడుకుని ఉంది.

"ఒక్కేడు పాడయిందే" అంది. "తెల్లగా బూజు కట్టీసింది. ఆ ఏడు నాను తప్ప ఎవులూ ముట్టలేదు. నాకయితే అప్పటికి అన్నీ ఆగిపోయి ఎన్నేళ్ళో అయింది. నా అంత సుద్ధమయిన సెయ్యి ఊళ్ళో ఇంకోటి లేదు. మూతెయ్యడం మర్సిపోయేను, వానసుక్క పడింది."

ఇద్దరం నవ్వాం. పళ్ళు లేని నోళ్ళతో, చిన్నప్పుడు గడ్డివాము వెనక నవ్వినట్టే, ఊపిరాడకుండా నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ అప్ప నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు మామ్మ ఉంటే బాగుణ్ణే" అంది. "బూజు సూపెట్టి అడుగుదును, మరి నాను మామ్మా, అని."

అని, ఏడ్చింది.

నేను జాడీని పిల్ల దగ్గరకి జరిపి, "పెట్టు, తొలి గుప్పెడు నీదే" అన్నాను. అది మోచెయ్యి దాకా లోపలికి దించింది.

"లోపల చల్లగా ఉంది చిన్నమామ్మా" అంది.

"అవును, చల్లగానే ఉంటుంది" అన్నాను.